‘నేను ఎవరిని?’ అను ప్రశ్న: రమణ మహర్షి ఆత్మవిచారణపై ఒక బైబిలు పరిశీలన

తెలుగు క్రైస్తవ విద్యార్థికి మొదటి చిక్కు ‘వేదాంతం’ అనే మాట దగ్గరే ఎదురవుతుంది. మన కళాశాలల్లో ఆ మాటకు దైవశాస్త్రం అని అర్థం. కళాశాల గేటు దాటి వీధిలోకి వెళితే అదే మాటకు ఉపనిషత్తుల సారం అని అర్థం. ‘ఆత్మ’ అనే మాట విషయంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. మన బైబిలులో ఆత్మ అంటే దేవుని ఆత్మ, మనిషిలోని ఆత్మ. ఒక్కొక్కసారి అపవిత్రాత్మ కూడా. అద్వైతంలో ఆత్మ ఒక్కటే, దానికి రెండవది లేదు. ఒకే పలుకుబడి రెండు ఇళ్లలో రెండు రకాలుగా కాపురం చేస్తున్నప్పుడు, ఒక ఇంటివారు రెండో ఇంట్లోకి తెలియకుండానే నడిచిపోవడం సహజం. ధ్యానం, సాక్షి భావన, ‘ఆలోచనలను గమనించడం’ అనే మాటలు నేడు యోగా తరగతుల నుండి, ఫోన్లలోని ధ్యాన కార్యక్రమాల నుండి మన సంఘ సభ్యుల ఇళ్లలోకి వస్తున్నాయి. వీటిలో చాలావాటికి వెనుక, పేరు చెప్పినా చెప్పకపోయినా, ఒక చిన్న పుస్తకం ఉన్నది. ఆ పుస్తకాన్ని నేరుగా చదివి విమర్శించడమే ఈ వ్యాసంలో మేము తలపెట్టిన పని. దూరం నుండి రాళ్లు వేయడం విమర్శ కాదు గనుక ముందుగా దానిని దాని మాటల్లోనే వినవలసి ఉన్నది.

ఆ పుస్తకం రమణ మహర్షి (1879–1950) తమిళంలో ఇచ్చిన ‘నాన్ యార్?’, అనగా ‘నేను ఎవరు?’. 1896 జూలైలో మధురైలో పదహారేళ్ల వేంకటరామన్‌కు హఠాత్తుగా మరణభయం కలిగింది. ఆ కుర్రవాడు అప్పుడు అమెరికన్ మిషన్ ఉన్నత పాఠశాల విద్యార్థి అన్నది మనవారు గుర్తుంచుకోదగిన సంగతి. అతడు భయపడి ఎవరినీ పిలవలేదు. శవంలా పడుకుని, చచ్చేది ఏది, మిగిలేది ఏది అని తనలో తానే చూసుకున్నాడు. అదే ఏడు సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరి, చనిపోయేవరకు ఆ ఊరు విడవలేదు. 1901–1902 ప్రాంతంలో రెవెన్యూ శాఖ ఉద్యోగి శివప్రకాశం పిళ్లె అడిగిన ప్రశ్నలకు, అప్పట్లో దాదాపు మౌనంగా ఉండే ఆ యువకుడు రాతలో జవాబులిచ్చాడు. అవి 1923లో అచ్చయ్యాయి. ఆ దశాబ్దంలోనే రమణులు స్వయంగా ప్రశ్నలు తీసివేసి దానిని వ్యాసంగా తిరగరాశారు. ప్రశ్నోత్తరాల రూపమూ, వ్యాసరూపమూ రెండూ నేటికీ వాడుకలో ఉన్నాయి. మొత్తం కలిపినా కొద్ది పేజీలే.

తెలుగువారికి ఈ పుస్తకంతో బంధుత్వం దూరపుది కాదు. 1907లో ఆయనకు ‘భగవాన్ శ్రీ రమణ మహర్షి’ అని పేరు పెట్టినవాడు బొబ్బిలి ప్రాంతపు కావ్యకంఠ గణపతి ముని. 1935 నుండి 1939 వరకు ఆయన సంభాషణలను ఆంగ్లంలో రాసి ఉంచినది మునగాల వెంకటరామయ్య. 1945 నుండి ఆశ్రమ విశేషాలను తెలుగు లేఖలుగా రాసినది సూరి నాగమ్మ. చలం 1950లో కుటుంబంతో తిరువణ్ణామలై వెళ్లిపోయి 1979లో అక్కడే కన్నుమూశాడు. కాబట్టి మన సంఘాలలో విద్యావంతులైన పెద్దలెవరైనా రమణుల మాట ఎత్తితే, కాపరి దానిని ఎక్కడిదో పరాయి సరుకుగా తోసిపుచ్చడానికి వీలు లేదు.

పుస్తకం చెప్పేది

మనస్సు అంటే ఆలోచనల మూట తప్ప వేరే వస్తువు కాదు. ఆ ఆలోచనలన్నిటిలో మొదటిది ‘నేను’ అనే ఆలోచన. అది లేచిన తరువాతనే తక్కినవి లేస్తాయి. కాబట్టి ఏ ఆలోచన వచ్చినా దాని వెంట పరుగెత్తకుండా, ఇది ఎవరికి కలిగింది అని అడగాలి. నాకు అనే జవాబు వస్తుంది. అప్పుడు ఆ నేను ఎవరు అని అడిగితే, మనస్సు తాను పుట్టిన చోటికి తిరుగుతుంది, లేచిన ఆలోచన అణగిపోతుంది. చితిని కదిలించే కర్ర చివరకు తానూ ఆ చితిలోనే కాలిపోయినట్లు, ఈ ప్రశ్న కూడా తక్కిన ఆలోచనలను కాల్చి చివరకు తానూ కాలిపోతుంది. మిగిలేది ఎరుక ఒక్కటే. స్థూలంగా పుస్తకపు వాదం ఇది.

దీనిలోని బలాన్ని ముందు ఒప్పుకోవాలి. మనిషిని వేధించే ఆలోచనతో కుస్తీ పడితే ఆ ఆలోచనకే బలం పెరుగుతుందని ఈ పుస్తకానికి తెలుసు. కుస్తీ పట్టవద్దు, అది ఎవరిదో అడుగు అని చెబుతుంది. ఇది మానవ మనస్సును దగ్గరగా చూసినవాడు చెప్పగల మాట. మరొక గుణం, ఎక్కడా బెదిరింపు లేకపోవడం. ఆలోచనలు రావడమే పాపమని చెప్పి మనిషిని కుంగదీయదు.

పాఠకులు గమనించవలసిన పోలిక ఒకటి మన సంఘ చరిత్రలోనే ఉన్నది. 399లో చనిపోయిన ఎవాగ్రియస్ అనే ఐగుప్తు ఎడారి సన్యాసి కూడా తన జీవితమంతా ఆలోచనల పరిశీలనలోనే గడిపాడు. మనిషిని పట్టే దురాలోచనలను ఎనిమిది రకాలుగా విభజించి, ఒక్కొక్క దానికి ఎదురు చెప్పడానికి లేఖన వాక్యాలను ఎనిమిది భాగాల పుస్తకంగా కూర్చాడు. ఆయన తన లేఖలో ఇచ్చిన సలహా ఇది: నీ హృదయానికి ద్వారపాలకుడివై నిలబడి, వచ్చే ప్రతి ఆలోచననూ ‘నీవు మా పక్షమా, మా శత్రువుల పక్షమా’ అని ప్రశ్నించు. యెరికో దగ్గర కత్తి దూసి నిలబడినవానిని యెహోషువ అడిగిన ప్రశ్న (యెహో. 5:13) ఇందులో వినిపిస్తుంది. రమణులు, ఎవాగ్రియస్ ఇద్దరూ ఆలోచనను వాకిట్లోనే ఆపుతారు. తేడా ప్రశ్నలో ఉన్నది. రమణులు ‘నీవు ఎవరికి కలిగావు?’ అంటారు. ఎవాగ్రియస్ ‘నీవు ఎవరి దగ్గరనుండి వచ్చావు?’ అంటాడు. మొదటి ప్రశ్నకు అన్ని ఆలోచనలూ సమానమే, ఎందుకంటే అన్నీ నాకే కలిగినవి. రెండవ ప్రశ్నకు ఆలోచనలు సమానం కావు.

మా మొదటి అభ్యంతరం ఇక్కడే. మధ్యాహ్నం తిన్న భోజనం గురించిన ఆలోచన, పక్కింటి విధవరాలి పొలం హద్దు జరిపిన సంగతి గురించి గుచ్చుకునే ఆలోచన – ఈ రెండింటినీ ‘ఎవరికి?’ అనే ప్రశ్న ఒకే విధంగా అణచివేస్తుంది. కానీ రెండవ ఆలోచన అణగకూడదు. అది నా మనస్సులో పుట్టిన అల అని చెప్పి పంపించివేయడానికి లేదు, దాని అవతల ఒక మనిషి, ఒక హద్దురాయి ఉన్నాయి. నాతాను దావీదు దగ్గరకు వచ్చి గొఱ్ఱెపిల్ల కథ చెప్పినప్పుడు (2 సమూ. 12) దావీదు హృదయంలో లేచిన కోపాన్ని అతని మీదికే తిప్పాడు. ఆ కోపం ఎవరికి కలిగిందని నాతాను అడగలేదు. ఆ మనుష్యుడు ఎవరో చెప్పాడు. అక్కడ ‘నేను’ ఎవరో దావీదుకు తెలిసింది లోపలి వెదుకులాట వలన కాదు, ఎదురుగా నిలిచినవాని వేలు వలన.

అయితే న్యాయంగా మరొక మాట చెప్పాలి. ఈ పుస్తకంలో శరణాగతికి కూడా చోటు ఉన్నది. రైలెక్కిన తరువాత మూటను నెత్తిన పెట్టుకుని మోయడమెందుకు, రైలే మోస్తుంది కదా అని అడిగే ఉపమానం అందులోనిదే. సామాన్య జనానికి ఇంత సూటిగా తగిలే పోలిక మా ఉపదేశకులలో చాలామందికి దొరకదు. ఇతరులకు ఇచ్చేదంతా తనకు తానే ఇచ్చుకుంటున్నట్లు అనే భావం కూడా ఉన్నది. పైగా అరుణాచలాన్ని వరునిగా భావించి పిలుస్తూ 108 చరణాల స్తుతిని రాసినవాడు ఈ రమణులే. ఆ పాటలో ‘నీవు’ అనే సంబోధన పుష్కలంగా వినిపిస్తుంది. కాబట్టి ఆయన జీవితంలో ‘నీవు’ లేదని మేము అనము. ‘నాన్ యార్?’ అనే ఈ గ్రంథపు తర్కంలో మాత్రం ఆ ‘నీవు’ చివరిదాకా నిలవదు. ఇతరునికి ఇవ్వడం తనకు ఇచ్చుకోవడమే అయితే, ఇతరుడు ఇతరుడుగా మిగలలేదన్నమాట. లేవీయకాండం 19:18 పొరుగువానిని నన్నువలె ప్రేమించమంటుంది కానీ, పొరుగువాడు నేనే అనదు. ఈ తేడా పదాలది అనుకోవచ్చు. అప్పు తీసుకున్నవాడిని అడిగితే తేడా తెలుస్తుంది.

మోషే అడిగిన ‘నేను ఎవరిని?’

ఇక ఈ వ్యాసంలోని ముఖ్యభాగానికి వస్తున్నాము. వెంకటరామయ్య రాసి ఉంచిన సంభాషణల్లో రమణులు రెండు బైబిలు వాక్యాలను పలుమార్లు ఎత్తుతారు. ఒకటి నిర్గమకాండం 3:14, రెండవది కీర్తన 46:10. వేదాంతమంతా ఈ రెండు వాక్యాలలో ఇమిడి ఉన్నదని ఆయన అభిప్రాయం. దేవుడు తనకు పెట్టుకున్న పేరు ‘ఉన్నాను’ అనే శుద్ధమైన ఉనికి. ఆ ‘నేను’ను తెలుసుకొనే దారి ఊరకుండడం. క్రైస్తవ సందర్శకులు ఈ మాట విని ఎంతో సంతోషించి ఉంటారు. మన పక్షాన కూడా కొందరు ఈ వాక్యాలను ఇలాగే వాడుతున్నారు. వాక్యానికి దాని సందర్భమే న్యాయాధిపతి గనుక ఆ సందర్భంలోకి వెళ్దాం.

నిర్గమకాండం 3వ అధ్యాయంలో దేవుని పేరు ఊరికే రాలేదు. దానికి మూడు వచనాల ముందు మోషే ఒక ప్రశ్న అడిగాడు. హెబ్రీలో ఆ ప్రశ్న ‘మీ ఆనోఖీ’. మాటకు మాట చెబితే ‘ఎవరు నేను?’. రమణుల ప్రశ్నే! మన తెలుగు బైబిలు దీనిని ‘ఎంతటివాడను’ అనే పలుకుబడితో అనువదించింది. అనువాదకులు తప్పు చేశారని మేము అనము. ఫరో వంటి రాజు ముందు నిలబడడానికి నాకేమి యోగ్యత అనేదే మోషే భావం, మన భాషలో దానికి సరైన మాట అదే. కానీ ఆ చక్కని అనువాదం వలన తెలుగు పాఠకునికి ఒక సంగతి మరుగున పడింది: పొద దగ్గర మోషే ‘నేను ఎవరిని?’ అని అడిగాడు, దేవుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. నీవు ఫలానావాడవు, నీకు ఇంత శక్తి ఉన్నది, ఐగుప్తు రాజగృహంలో పెరిగినవాడవు కదా అని అనలేదు. నీ లోపలికి చూసుకో అనీ అనలేదు. నేను నీకు తోడుగా ఉంటాను అన్నాడు (3:12).

ఈ ‘ఉంటాను’ హెబ్రీలో ‘ఎహ్యె’. రెండు వచనాల తరువాత మోషే దేవుని పేరు అడిగినప్పుడు వచ్చిన జవాబు ‘ఎహ్యె అషెర్ ఎహ్యె’. అదే క్రియ, అదే రూపం. హెబ్రీలో ఈ రూపం ఇంకా ముగియని క్రియను తెలుపుతుంది. ‘ఉన్నాను’ అనీ, ‘ఉంటాను’ అనీ చెప్పవచ్చు. తోడుగా ఉంటానన్న మాట ఇంకా చెవిలో మోగుతుండగానే మోషే ఈ పేరు విన్నాడు. కాబట్టి సందర్భం ప్రకారం ఈ పేరుకు మొదటి అర్థం గుణరహితమైన ఉనికి కాదు, వాగ్దానం చేసినవాని నమ్మకత్వం. ఇక్కడ తెలుగు బైబిలును ఒకసారి మెచ్చుకోవాలి. 3:14 మొదటి భాగంలో ‘ఉన్నవాడను’ అని చెప్పినా, రెండవ భాగంలో ‘ఉండుననువాడు’ అన్నది. ‘ఉండును’ అనే తెలుగు రూపం భవిష్యత్తునూ చెబుతుంది, ఎప్పుడూ ఉండే అలవాటునూ చెబుతుంది. ఆంగ్లంలోని వర్తమాన క్రియకు లేని ఈ సౌలభ్యం మన పాతకాలపు క్రియకు ఉన్నది. మన ప్రసంగీకులు దీనిని ఎందుకు వాడుకోరో మాకు అర్థం కాదు.

రమణుల వ్యాఖ్యానం ఆంగ్ల అనువాదపు ‘ఉన్నాను’ మీద నిలబడినది. అయితే ఈ దారి తెరిచింది ఆయన కాదు. క్రీస్తుకు పూర్వమే గ్రీకు అనువాదకులు ఈ పేరును ‘ఉన్నవాడు’ అని స్థిరమైన ఉనికిగా మార్చారు. అగస్టీను, అక్వినాసు దాని మీదనే పరమసత్త అనే గొప్ప కట్టడాన్ని లేపారు. శతాబ్దాలపాటు మన పండితులే పొదను, చెప్పులను, ఐగుప్తు మొరను వదిలి పేరును మాత్రం పట్టుకుపోతే, తిరువణ్ణామలై ఋషి ఆ పేరులో ఉపనిషత్తును చూడడంలో వింత ఏమున్నది? ఈ విషయంలో ఆయన మీద వేసే ప్రశ్న ముందు మన గ్రంథాలయపు అరల మీద వేయాలి.

కీర్తన 46 సంగతి ఇంకా స్పష్టం. ‘ఊరకుండుడి’ అనే మాటకు మూలంలో చేతులు జారవిడవండి, వదిలేయండి అని అర్థం. అది బహువచనంలో ఉన్నది; తెలుగు కూడా దానిని బహువచనంగానే నిలిపింది. ఎవరికి చెబుతున్నాడు? ముందు వచనంలో దేవుడు విల్లు విరుస్తాడు, బల్లెం నరుకుతాడు, యుద్ధరథాలను కాల్చివేస్తాడు. అనగా ఈ ఆజ్ఞ పద్మాసనంలో కూర్చున్న ఒక సాధకుడికి కాదు, ఆయుధాలు పట్టిన జనాంగాలకు. ఏకాంత ధ్యానానికి ఈ వచనాన్ని గోడ మీద అంటించుకునే అలవాటు మన ఇళ్లలోనూ ఉన్నది. ఆ క్యాలెండర్లలో విల్లు, బల్లెం ఎక్కడా కనబడవు.

మూడవ ఉదాహరణ మరింత గంభీరమైనది. అదే సంభాషణల్లో సిలువకు ఒక వివరణ ఉన్నది: శరీరమే సిలువ, యేసు అనే మనుష్యకుమారుడు దేహమే నేననే అహంకారం; ఆ అహంకారం సిలువ మీద చచ్చినప్పుడు మిగిలే పరమసత్తయే పునరుత్థానం. వినడానికి పౌలు మాటలకు దగ్గరగా ఉన్నది. గలతీ 2:20లో పౌలు కూడా క్రీస్తుతో సిలువ వేయబడిన ‘నేను’ గురించి చెబుతాడు. కానీ ఈ వివరణలో పిలాతు ఏమయ్యాడు? కైపా ఏమయ్యాడు? విచారణ పేరుతో జరిగిన అన్యాయం, చేతులు కడుక్కున్న నీళ్లు, చీట్లు వేసి పంచుకున్న వస్త్రం ఏమయ్యాయి? సిలువ లోపలి సంఘటనగా మారిన మరుక్షణం దానిని ఎవరూ చేయలేదు, ఎవరి మీదా చేయలేదు. 1985లో కారంచేడులోనూ, 1991లో చుండూరులోనూ తమవారిని పోగొట్టుకున్న దళిత కుటుంబాల ముందు నిలబడి సిలువ అంటే అహంకార నాశనమని ప్రసంగించగలమా? ఆ కుటుంబాలకు సిలువ అర్థమయ్యేది అది బయట, ఊరి వెలుపల, అందరూ చూస్తుండగా జరిగినందువల్లనే. పౌలు కూడా గలతీ 2:20లో ‘నేను’ను కరిగించి ఊరుకోలేదు. నన్ను ప్రేమించి నాకొరకు తన్ను తాను అప్పగించుకున్న దేవుని కుమారుడు అని, ఆ ‘నన్ను’ తిరిగి నిలబెట్టి అదే వచనంలో ముగించాడు.

మధ్యలో నిలబడినవారు

ఈ రెండు దారులను ఒకే దేహంలో నడవజూచినవారు ఉన్నారు. ఫ్రాన్సు నుండి 1948లో వచ్చిన బెనెడిక్టు సన్యాసి హెన్రీ ల సో (1910–1973) మరుసటి ఏడాది జనవరిలో రమణులను చూశాడు. 1950లో జ్యూల్స్ మోన్షనెన్‌తో కలిసి కావేరి ఒడ్డున శాంతివనం స్థాపించి అభిషిక్తానంద అనే పేరు పెట్టుకున్నాడు; అరుణాచలం గుహల్లో వారాలు గడిపాడు. సత్ చిత్ ఆనందాలను తండ్రి కుమార పరిశుద్ధాత్మలకు జోడించే ఆలోచన అతనిది కాదు, 1882లోనే కేశవచంద్ర సేన్ దానిని ప్రసంగించాడు. అభిషిక్తానంద ప్రత్యేకత ఏమిటంటే, జోడింపు కుదరనప్పుడు కుదరలేదని తన దినచర్య పుస్తకంలో రాసుకోవడం. అది ఆయన చనిపోయాక గాని అచ్చు కాలేదు. ఆయన సిద్ధాంత గ్రంథాలకంటే ఆ దినచర్యనే విద్యార్థులు ముందు చదవాలని మా అభిప్రాయం. దీనికి భిన్నంగా తమిళ దైవజ్ఞుడు ఎ. జె. అప్పాసామి 1927లో ప్రచురించిన భక్తిమార్గ గ్రంథంలో యోహాను సువార్తను రామానుజుని వైపునుండి చదివాడు. తండ్రితో ఏకత్వమంటే చిత్తం కలవడమేగాని ఉనికి కలిసిపోవడం కాదని ఆయన తేల్చాడు. ఆ దారి మనకు దగ్గరది.

మన ఇంటిలోని విచారణ

ఇంతవరకు పొరుగింటి పుస్తకాన్ని పరిశీలించాము. మన ఇంట్లో ఆత్మపరిశీలన ఏ స్థితిలో ఉన్నదో చెప్పకుండా ఆపితే ఈ విమర్శ చెల్లదు.

1963లో హార్వర్డ్ పత్రికలో క్రిస్టర్ స్టెండాల్ ఒక వ్యాసం ప్రచురించాడు. పౌలు తన మనస్సాక్షిని తవ్వుకుంటూ కుమిలిపోయినవాడు కాడనీ, అగస్టీను, లూథరుల అంతర్ముఖమైన మనస్సాక్షిని మనం పౌలులోకి చొప్పించి చదువుతున్నామనీ ఆయన వాదన. రోమా 7లోని ‘నేను’ పౌలు స్వీయచరిత్ర కాదని అంతకుముందే 1929లో కుమ్మెల్ వాదించాడు. స్టెండాల్ చెప్పినదంతా మేము అంగీకరించము. అగస్టీను తన ‘ఒప్పుకోలు’ పదవ పుస్తకంలో జ్ఞాపకశక్తి అనే విశాలమైన మందిరాలలో తిరిగి తానే తనకు ప్రశ్నగా మారినప్పుడు, అతడు ఒంటరిగా తిరగలేదు. ఆ పుస్తకమంతా దేవునితో మాట్లాడుతూ రాసినది. ఏడవ పుస్తకంలో తన లోపలికి వెళ్లి చూసిన వెలుగు కూడా తానే అని అనలేదు, తనను చేసినది గనుక తనకు పైన ఉన్నదన్నాడు. అయినా మన సంఘాల విషయంలో స్టెండాల్ ఎత్తిచూపిన జబ్బు నిజమే.

ఆదివారం ప్రభువు బల్ల సమయంలో వెనుక వరుసల్లో కూర్చుని, రొట్టె రసం తీసుకోకుండా తలవంచుకుని ఉండేవారిని ప్రతి కాపరీ చూసి ఉంటాడు. వారిలో ఘోరమైన పాపాలు చేసినవారు తక్కువ. ఎక్కువమంది తమకు చెడ్డ ఆలోచనలు వస్తున్నాయని భయపడేవారు. ప్రార్థనలో ఉండగా దేవదూషణ మాట ఒకటి తల్లో మెదిలిందని నెలల తరబడి బల్లకు దూరంగా ఉండేవారు ఉన్నారు. వారికి మనం చదివి వినిపించేది 1 కొరింథీ 11:28, అనగా మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెనన్న మాట. ఆ వచనానికి ముందు ఏమున్నదో చదవము. కొరింథులో ధనికులు ముందే తిని తాగి మత్తులవుతుంటే పేదవారు ఆకలితో సిగ్గుపడి నిలబడ్డారు (11:21–22). పౌలు చెప్పిన పరీక్ష తలలో మెదిలిన ఆలోచనల లెక్క కాదు. పక్కన కూర్చున్న ఆకలిగొన్న సహోదరుణ్ణి చూశావా లేదా అనేది. ఆ పరీక్షలో తప్పేవారు ముందు వరుసల్లో కూర్చుని నిబ్బరంగా రొట్టె తీసుకుంటున్నారు, తప్పనివారు వెనుక వరుసలో ఏడుస్తున్నారు.

‘యాత్రికుని ప్రయాణము’ ద్వారా తెలుగువారికి చిరపరిచితుడైన జాన్ బన్యన్ ఇదే బాధ పడ్డాడు. క్రీస్తును అమ్మివేయి అనే ఆలోచన తనను పగలూ రాత్రీ వెంటాడిందని 1666లో వెలువడిన తన ఆత్మకథలో రాశాడు. ఎదురు చెప్పేకొద్దీ అది పెరిగింది. అటువంటివాడికి ‘ఇంకా లోతుగా పరీక్షించుకో’ అని చెప్పే కాపరి నిప్పులో నూనె పోస్తున్నాడు. ఈ ఒక్క చోట రమణుల పుస్తకం మనలను సిగ్గుపరుస్తుంది. వచ్చిన ప్రతి ఆలోచనా నీ ఒప్పుకోలు పత్రం కాదు అని అది చెబుతుంది; ఆ మాట మనం చెప్పి ఉండవలసింది. ఈ బాధ కొందరిలో వైద్యం అవసరమైన జబ్బు కూడా కావచ్చు. అప్పుడు మానసిక వైద్యుని దగ్గరకు పంపడం కాపరి బాధ్యతలో భాగమే.

అయితే ‘ఎవరికి?’ అని అడిగి ఆ మనిషిని అతనిలోనే వదిలేయమని మేము సలహా ఇవ్వము. కీర్తన 42 వేరొక పద్ధతి చూపుతుంది. కీర్తనకారుడు తన ప్రాణంతో తానే మాట్లాడుతాడు. 42, 43 కీర్తనల్లో ఒకే పల్లవి మూడుసార్లు వస్తుంది. ఆ పల్లవిలోని ప్రశ్న ‘ఎవరు’ కాదు, ‘ఎందుకు’. ఎందుకు కుంగిపోయావు అని అడిగి, దేవునియందు నిరీక్షణ ఉంచమని తన ప్రాణానికి తానే బోధ చేస్తాడు. త్యాగరాజు కృతుల్లో మనసును పేరుపెట్టి పిలిచి నిలదీయడం విన్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఇక్కడ మనస్సును చంపనూ లేదు, దానిని బోనులో నిలబెట్టనూ లేదు. దేవుని ఎదుట కూర్చోబెట్టి మాట్లాడడమే ఉన్నది. 139వ కీర్తన కూడా నీవు నన్ను పరిశోధించావని మొదలై, నన్ను పరిశోధించు అని ముగుస్తుంది. పరిశోధించే పని కీర్తనకారుడు తన చేతిలో పెట్టుకోలేదు.

రోమా 8:16 దగ్గర మాకు ఇంకొక మాట చెప్పవలసి ఉన్నది. మొదట ప్రస్తావించిన ‘ఆత్మ’ చిక్కు ఇక్కడే ముడిపడి ఇక్కడే విడుతుంది. ఆ వచనంలో ఆత్మ అనే మాట రెండుసార్లు వస్తుంది: దేవుని ఆత్మ, మన ఆత్మ. గ్రీకు క్రియకు కలిసి సాక్ష్యమిచ్చుట అని అర్థం. సాక్షులు ఇద్దరుంటేనే ఆ క్రియ నిలుస్తుంది. ఒకే ఆత్మ తనకు తాను సాక్ష్యం చెప్పుకుంటే ఏ కోర్టులోనూ చెల్లదు. ఆ సాక్ష్యంలోని విషయం కూడా మనం అడిగిన ప్రశ్నకు జవాబే: నీవు దేవుని బిడ్డవు. ‘నేను ఎవరిని?’ అనే ప్రశ్నకు ఇక్కడ వచ్చిన జవాబు ఒక బంధుత్వం పేరు. బిడ్డ అనే మాట ఒంటరిగా నిలబడదు, దాని అవతల తండ్రి అనే మాట ఉండి తీరాలి. 1944లో టెగెల్ చెరసాలలో బాన్‌హోఫర్ రాసిన కవితకు కూడా ‘నేను ఎవరిని?’ అనేదే పేరు. ఇతరులు చూసే ధీరుడా తాను, తనకు మాత్రమే తెలిసిన పిరికివాడా అని తూచి తూచి, తేల్చలేక, ఎవరినైనా దేవునివాడినే అని ఆగిపోయాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 9న అతనిని ఉరితీశారు.

మా విద్యార్థులు ‘నాన్ యార్?’ను చదవకూడదని మేము చెప్పము. చదివేవారు నిర్గమకాండం 3వ అధ్యాయాన్ని 14వ వచనం దగ్గర మొదలుపెట్టకుండా 7వ వచనం నుండి, బానిసల మొర వినబడిన చోటినుండి చదవాలి. 4వ అధ్యాయంలో మోషే వరుసగా చెప్పిన సాకులను, దేవుని కోపాన్ని దాటి 20వ వచనం దాకా కొనసాగించాలి. అక్కడ మోషే భార్యను, కుమారులను గాడిద మీద ఎక్కించుకుని, కర్ర చేతపట్టుకుని ఐగుప్తు దారి పట్టాడు. అతడు అడిగిన మొదటి ప్రశ్న అప్పటికింకా అలాగే ఉన్నది.